రద్దు మీద రద్దు

ఆమె మా ఆఫీసులో అడుగుపెట్టినప్పుడు భుజాన స్పానర్ల సంచీ ఉంది, చేతులకు గ్రీజు ఉంది, కళ్ళలో నిప్పులున్నాయి. నిప్పుల్ని ఎవరూ గమనించలేదు. మా భవనంలో లిఫ్టు పాడై తొమ్మిది రోజులైంది. నాలుగంతస్తులు ఎక్కీ దిగీ అందరి మోకాళ్ళూ అరిగిపోయాయి. అందుకే ఆ సంచీ కనపడగానే మా బాబాయి కుర్చీలోంచి లేచి చేతులు జోడించాడు.

"రామ్మా, రా. లిఫ్టు అటుపక్క."

"నేను లిఫ్టు బాగుచేయడానికి రాలేదండీ. పెళ్ళి ఆపడానికి వచ్చాను."

ఆఫీసులో ఆరుగురం. ఆరు కీబోర్డులూ ఒక్కసారిగా ఆగాయి.

"ఎవరి పెళ్ళమ్మా?"

"నాదే."

మా బాబాయి కంపెనీ పెళ్ళిపనులు చేసిపెట్టే వెబ్‌సైటు. తేదీ, బంధువుల లిస్టు ఇచ్చి ఒక్క బటన్ నొక్కితే చాలు. వెనకాల ఒక ప్రోగ్రాం కూర్చుని హాలు మాట్లాడుతుంది, వంటాయనకి చెబుతుంది, బస్సు పెడుతుంది, లిస్టులో ఉన్న ప్రతి ఒక్కరి ఫోనుకీ పిలుపు పంపుతుంది. ఆ ప్రోగ్రాంకి మేం పెట్టుకున్న పేరు పెళ్ళిపెద్ద.

"ఈ రద్దు బటన్ ఎవరు చేశారు?" అని అడిగిందామె, తన ఫోను అందరికీ చూపిస్తూ.

ఐదు వేళ్ళు నా వైపు తిరిగాయి. అందులో ఒకటి బాబాయిది. సొంత బాబాయి.

"చెప్పండి," అన్నాను లేచి నిలబడి. కూర్చుని తిట్లు తినడం మర్యాద కాదు.

"పొద్దున ఏడింటికి మీ ప్రోగ్రాం మొదలుపెట్టాను. తొమ్మిదిన్నరకి పెళ్ళికొడుకు ఫోన్ చేశాడు, మనసులో వేరే అమ్మాయి ఉందని. పదమూడు రోజుల ముందైనా చెప్పినందుకు థాంక్స్ అని పెట్టేశాను. తొమ్మిది నలభైకి రద్దు నొక్కాను. ‘మీ కోరిక అందింది’ అని వచ్చింది. తొమ్మిది నలభై ఒకటికి మా పళ్ళ డాక్టరు ఫోన్ చేశాడు."

"ఎందుకు?"

"పెళ్ళి పిలుపు అందిందని."

నా కంప్యూటర్ వైపు చూశాను. తెర మీద అంకె కదులుతోంది. 481. అర నిమిషం తర్వాత 482. మొత్తం లిస్టు పదకొండు వందలు.

"మరి రద్దు నొక్కితే ఏమవుతుంది?" అందామె.

నిజం చెప్పక తప్పలేదు. "ఒక పుస్తకంలో ‘రద్దు కోరారు’ అని రాసుకుంటుందండీ."

"ఆ పుస్తకం ఎవరు చదువుతారు?"

"ఎవరూ చదవరు."

బాబాయి గొంతు సవరించుకున్నాడు. "ఇంతవరకూ మా దగ్గర పెళ్ళి రద్దు చేసుకున్నవాళ్ళు లేరమ్మా. బటన్ అందం కోసం పెట్టాం."

ఆమె సంచీని నా బల్ల మీద పెట్టింది. స్పానర్లు గల్లుమన్నాయి. కొట్టేస్తుందనుకున్నాను. కొట్టలేదు. గొంతు తగ్గించి మాట్లాడింది, అది కొట్టడం కంటే ఘోరంగా ఉంది.

"మా నాన్న లైబ్రరీలో నలభై ఏళ్ళు పనిచేశారండీ. ఆయన మాట గుసగుస దాటి పైకి రాదు. ఆ ఆదివారం పదింటికి ఈ జనమంతా హాలుకొస్తే, ఆయన గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ ‘మా అమ్మాయి పెళ్ళి ఆగిపోయింది’ అని చెప్పుకోవాలి. పెళ్ళి లేకుండా నేను బతకగలను. అది మాత్రం చూడలేను. ఆ రోజు ఆ గేటు దగ్గరికి ఒక్క మనిషి రాకూడదు."

483.

"ఒక్క క్షణం," అని కూర్చున్నాను. వేళ్ళు విరుచుకున్నాను. పనిని నిలువునా నరికేసే ఆజ్ఞ ఒకటుంది. దాన్ని టైప్ చేసి, అవసరం లేకపోయినా గట్టిగా ఎంటర్ నొక్కాను.

అంకె 484 దగ్గర ఆగింది.

"చూశారా," అన్నాను, కుర్చీ ఆమె వైపు తిప్పి.

ఆమె చూసింది. నన్ను కాదు, నా వెనక తెరని. "ఒకటి అని వస్తోంది ఏమిటి?"

వెనక్కి తిరిగాను. నిజమే. 1.

నేను మర్చిపోయింది కాపలావాడిని. పనులు వాటంతట అవి పడిపోతే లేపి నిలబెట్టడానికి ఇంకో చిన్న ప్రోగ్రాం ఉంది. దానికి తెలిసింది లేపడమే. పని పడిపోయిందా, మనమే పడేశామా అన్నది దానికి అనవసరం. లేచిన పెళ్ళిపెద్దకి తను ఎక్కడిదాకా వెళ్ళాడో గుర్తులేదు. మళ్ళీ మొదటి పేరు దగ్గర మొదలుపెట్టాడు.

ఆమె ఫోను మోగింది. లిస్టులో మొదటి పేరు ఆమె పెద్దత్తది. స్పీకరు అక్కర్లేకుండానే అందరికీ వినపడింది.

"ఏమే, పొద్దున పిలిచారు, ఇప్పుడు మళ్ళీ పిలిచారు. నేను రానని నీతో ఎవరైనా అన్నారా?"

"లేదత్తా, అది కాదు..."

"మరి అంత అనుమానం దేనికి? వస్తాను. ఇంకో నలుగుర్ని వెంటేసుకుని మరీ వస్తాను."

ఫోను పెట్టేసి ఆమె నా వైపు చూసిన చూపుకి నేను ఇంకో బల్ల వెనక్కి జరిగాను.

"మళ్ళీ నరుకు," అన్నాడు బాబాయి.

"మళ్ళీ లేస్తుంది బాబాయ్."

"అయితే కాపలావాడినే నరుకు."

"వాడు ఇంకో ముప్పై పెళ్ళిళ్ళు చూస్తున్నాడు."

ఆమె ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంది. తర్వాత సంచీ అందుకుంది. "మీరు నాతో రండి."

"ఎక్కడికి?"

"లిఫ్టు దగ్గరికి."

ఆమె నిజంగానే లిఫ్టు మెకానిక్కట, చెడిపోయిన లిఫ్టు ఎదురుగా ఉంటే ఊపిరాడదట. తలుపు దగ్గర ఏదో విప్పి, ఏదో తుడిచి, ఏదో బిగించింది. తొమ్మిది రోజులు ఎవరూ చేయలేని పని ఎనిమిది నిమిషాల్లో అయిపోయింది. నన్ను లోపలికి తోసి, తనూ ఎక్కి, మీట నొక్కింది. లిఫ్టు కిందికి బయలుదేరగానే ఫోన్లో మా వాచ్‌మన్‌తో, "ఇప్పుడు మెయిన్ స్విచ్చి ఆపేయండి," అంది.

చీకటి.

కరెంటు పోయిన లిఫ్టులో మనిషి రెండే పనులు చేయగలడు. భయపడగలడు, లేదా ప్రేమలో పడగలడు. నేను రెండూ ఒకేసారి చేశాను.

"భయపడకండి," అంది చీకట్లోంచి. "చూడండి ఏం చేస్తుందో."

లిఫ్టు ఎక్కడిదక్కడ ఆగిపోలేదు. లోపలి బ్యాటరీ మీద నెమ్మదిగా కదిలి మూడో అంతస్తు దాకా వచ్చింది. ఆగింది. తలుపులు తెరుచుకున్నాయి.

"ఆగమంటే ఎక్కడంటే అక్కడ ఆగకూడదండీ. రెండంతస్తుల మధ్య ఆగితే మనం గోడ చూస్తూ కూర్చోవాలి. అలాగని వినిపించుకోకుండా పోతూ ఉండకూడదు. దగ్గరున్న అంతస్తుకి చేరాలి, తలుపు తీయాలి, మనిషిని దించాలి, తర్వాతే పడుకోవాలి. మీది మొదట వినిపించుకోలేదు. తర్వాత మీరు దాన్ని గోడ మధ్యలో ఆపారు."

"మీ చెంప మీద గ్రీజు ఉంది," అన్నాను.

"నేను చెప్పింది విన్నారా?"

"పేరు పేరుకీ మధ్య ఒక అంతస్తు ఉండాలి. అక్కడ పెళ్ళిపెద్ద ఆగి రద్దు పుస్తకం చూడాలి. రద్దని ఉంటే, చేతిలో ఉన్న పిలుపు పూర్తిచేసి, ఎక్కడిదాకా వచ్చాడో రాసుకుని, నన్ను లేపొద్దని కాపలావాడికి చెప్పి పడుకోవాలి. విన్నానండీ. గ్రీజు కూడా ఉంది."

ఆమె చెంప తుడుచుకుంది. ఇంకో చెంపకి అంటుకుంది. నేను చెప్పలేదు.

పన్నెండింటికల్లా ఆ నాలుగు వాక్యాల ప్రోగ్రాం రాసి లోపలికి పంపించాను. రెండో చుట్టులో నూట మూడో పేరు దగ్గర పెళ్ళిపెద్ద ఆగాడు. పుస్తకం చూశాడు. లెక్క రాసుకున్నాడు. మర్యాదగా పడుకున్నాడు. కాపలావాడు కదల్లేదు. ఆఫీసంతా చప్పట్లు కొట్టింది.

పన్నెండుంపావుకి ఆమె ఫోనుకి మెసేజ్ వచ్చింది. మీ పెళ్ళి బస్సు ఖాయమైంది, డ్రైవరు నంబరు ఇది.

"ఇదెవరు పంపారు?" అంది.

నేను తల గోక్కున్నాను. పెళ్ళిపెద్ద పడుకునే ముందే తన కింది చిన్న ప్రోగ్రాంలని, అంటే పిల్లల్ని, పనుల మీద పంపేశాడు. తండ్రి ఆగిపోయాడన్న కబురు పిల్లలకి ఎవరూ చెప్పలేదు. ఒకడు బస్సు చూస్తున్నాడు. ఒకడు హాలు, ఒకడు పూలు, ఒకడు వంట. ఒకడు ఆదివారం సాయంత్రం పంపాల్సిన ‘వచ్చినందుకు ధన్యవాదాలు’ పట్టుకుని కూర్చున్నాడు. చివరివాడు ఏటా పెళ్ళిరోజు శుభాకాంక్షలు పంపడానికి సిద్ధంగా ఉన్నాడు.

"ఎన్నేళ్ళు?"

"యాభై."

"యాభై ఏళ్ళా?"

"బాబాయి ఆశావాది అండీ."

ఆమె నవ్వింది. పొద్దున్నుంచీ అదే మొదటిసారి. నవ్వు ఆపుకోవాలని చూసి, కుదరక, గోడవైపు తిరిగి నవ్వింది. నా జీవితంలో అంతకుముందు నేను రాసిన ఏ ప్రోగ్రాం చూసీ ఎవరూ నవ్వలేదు. ఏడ్చినవాళ్ళున్నారు.

ఆ రాత్రికి రాత్రే కాదు గాని, మర్నాటికి తుడిచేసే ప్రోగ్రాం ఒకటి తయారుచేశాను. దాని పేరు సఫాయి. చివర పెట్టినదాన్ని ముందు తీయాలి, ముందు పెట్టినదాన్ని చివర తీయాలి. హాలు ముందే వదిలేస్తే పూలవాడి బండి ఎక్కడికి వెళ్ళాలో తెలియక ఊరంతా తిరుగుతుంది. మంగళవారం మధ్యాహ్నం సఫాయి బయలుదేరి బస్సుకీ, పూలకీ, వంటకీ, హాలుకీ, ఆ తర్వాత పిలుపు అందిన నాలుగు వందల ఎనభై నాలుగు మందికీ ఒకటే మాట పంపింది. ‘మేము ఇంతకుముందు పంపిన కబురు రద్దయింది. ఇబ్బందికి మన్నించండి.’

అందరికంటే ముందు పెద్దత్త ఫోన్ చేసింది. పెళ్ళికొడుకు సంగతి ఆవిడకి ఆమె చెప్పింది.

"నాకు ముందే తెలుసు," అంది పెద్దత్త. "ఆ అబ్బాయి నడక నాకు నచ్చలేదు."

అంతటితో మా కథ అయిపోవాలి. కాని ఆమెకి మెసేజీల మీద నమ్మకం పోయింది. "ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి కళ్ళతో చూసొద్దాం," అంది. అలా మొదలైంది.

పూలాయన కొట్టుకి వెళ్ళాం. ఆయన మమ్మల్ని కిందినుంచి పైకి చూసి, "జంట బాగుంది. ఎందుకు రద్దు చేసుకుంటున్నారు?" అన్నాడు.

"నేను పెళ్ళికొడుకుని కాదండీ."

"మరి?"

"రద్దు చేసేవాణ్ణి."

"ఈమధ్య దానికీ మనుషులున్నారా," అన్నాడాయన.

వంటాయన ఇంటి నుంచి వస్తుంటే వాన పట్టుకుంది. బస్టాపు రేకు కింద ఇద్దరం నిలబడ్డాం. రేకుకి సరిగ్గా ఒక మనిషి పట్టేంత చోట చిల్లు లేదు. మిగిలినదంతా చిల్లే. ఆ చోటు ఆమెకి ఇచ్చాను.

"మీరు తడుస్తున్నారు," అంది.

"ప్రోగ్రామర్లు తడవరండీ. మాకు బయటి వాతావరణం వర్తించదు."

"ముక్కు మీంచి నీళ్ళు కారుతున్నాయి."

"అది లోపలి సమస్య."

ఆమె సంచీ తీసి, స్పానర్లు కింద కుమ్మరించి, ఖాళీ సంచీని నా నెత్తిన పెట్టింది. ఆ సంచీ వాసన ఇంజనాయిల్. అంతకంటే మంచి వాసన నేనెరగను.

వారం గడిచింది. బస్సు పోయింది, పూలు పోయాయి, వంట పోయింది, హాలు పోయింది, ధన్యవాదాలూ పోయాయి. ఒకటే మిగిలింది, ఆ యాభై ఏళ్ళ శుభాకాంక్షలు. దాన్ని ఆపడానికి పట్టేది అర నిమిషం. ఆపితే ఆమె ఇక రాదు.

సోమవారం ఫోన్ చేసింది. "అయిపోయిందా?"

"ఒక్కటి మిగిలిందండీ. కాస్త మొండిది."

మంగళవారం వచ్చింది. "అయిందా?"

"దగ్గరికొచ్చింది. టీ తాగుతారా?"

బుధవారం టీ తాగాం. గురువారం ఆమే టీ తెచ్చింది. లిఫ్టులు ఎందుకు పాడవుతాయో చెప్పింది. మనుషులు మూసుకునే తలుపుల్లో చెయ్యి పెడతారట, ఆఖరి నిమిషంలో. నాకేసి అదోలా చూస్తూ చెప్పింది. నేను తల ఊపాను. బాబాయి తన గదిలోంచి మా ఇద్దరినీ చూసి, క్యాలెండరు చూసి, మళ్ళీ మమ్మల్ని చూశాడు. "ఒరేయ్, ఆ అర నిమిషం పని ఇంకా కాలేదా?" అని అరవబోయి, నా కళ్ళు చూసి ఆగిపోయాడు. సొంత బాబాయి.

శుక్రవారం నేను నీళ్ళు తాగడానికి వెళ్ళొచ్చేసరికి ఆమె నా తెర ముందు నిలబడి ఉంది.

"ఇక్కడ ‘ఆపాలి’ అని రాసుంది. పక్కన ఆపు అని బటన్ ఉంది. ఇదేనా మొండిది?"

నేను తెరకి అడ్డంగా వచ్చి నిలబడ్డాను.

"ఐదు రోజులుగా ఇది ఇలాగే ఉందా?"

"అంటే... అది..."

"నా పెళ్ళి ఆగిపోవడం మీకు కాలక్షేపంగా ఉందా?"

"కాదండీ. నేను..."

"చెప్పండి. మీరు?"

వాక్యం మొత్తం గొంతు దాకా వచ్చింది. అటుపక్క నలుగురు ఉద్యోగులు, తలుపు సందులో బాబాయి. వాక్యం వెనక్కి వెళ్ళిపోయింది.

"రేపు ఆపేస్తానండీ," అన్నాను.

ఆమె సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. లిఫ్టు ఎక్కలేదు. మెట్ల మీద నాలుగంతస్తులూ ఆమె బూట్ల చప్పుడు వినపడింది.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకి ఆఫీసుకెళ్ళాను. ఎవరూ లేరు. సఫాయిని తెరిచాను. మిగిలిన ఒక్క పనీ తుడిచెయ్ అని నొక్కాను. ఫోను ఆపేసి ఇంటికెళ్ళి దుప్పటి ముసుగు పెట్టాను.

ఆదివారం ఉదయం ఏడున్నరకి ఫోను తెరిచాను. పదిహేడు మిస్డ్ కాల్స్. పద్దెనిమిదోది అప్పుడే మోగింది.

"నిన్న మీరేం చేశారు?" అందామె. వెనకాల ఆటో శబ్దం.

"ఆ ఒక్కటీ తుడిచేశాను. మీరడిగినట్టే."

"మా పెద్దత్త ఎక్కడుందో తెలుసా?"

"ఎక్కడ?"

"బస్సులో. పెళ్ళి బస్సులో. ఆవిడని లైన్లో కలుపుతున్నాను, వినండి."

ముందు హారను వినపడింది, తర్వాత పెద్దత్త.

"పోయిన వారం మంగళవారం నాడు ఏమన్నారు? ఇంతకుముందు పంపిన కబురు రద్దన్నారు. అంటే పెళ్ళి లేదు. నిన్నేమన్నారు? ఇంతకుముందు పంపిన కబురు రద్దన్నారు. ఇంతకుముందు పంపిందేది? పెళ్ళి లేదన్నది. అది రద్దయితే ఏమిటి? పెళ్ళుంది. నాకు లెక్కలు రావనుకున్నారా? బస్సువాడు కూడా ఇదే అన్నాడు."

నా కాళ్ళ కింద నేల నాలుగంతస్తులు దిగింది.

సఫాయికి నేను ఒక్క పని చెప్పాను. అది మొదటినుంచీ మొదలుపెట్టింది. ఎక్కడిదాకా చేసిందో రాసుకునే పుస్తకం పెళ్ళిపెద్దకి ఇచ్చాను గాని, సఫాయికి ఇవ్వలేదు. ఎన్నిసార్లు తుడిచినా ఒకసారి తుడిచినట్టే ఉండాలన్న ఇంగితం దానికి నేర్పలేదు. బస్సుకీ, పూలకీ, వంటకీ, హాలుకీ, నాలుగు వందల ఎనభై నాలుగు మందికీ రెండోసారి రద్దు వెళ్ళింది. అందరూ పెద్దత్తలాగే లెక్కవేశారు. పిల్లలు రాజీపడ్డారనుకుని సంతోషించారు.

"మీకు నిన్న ఎవరూ ఫోన్ చేయలేదా?"

"నిన్నంతా లిఫ్టు తిరిగే బావిలో పనిలో ఉన్నాను. సిగ్నల్ లేదు. వచ్చి పడి నిద్రపోయాను. నాన్న ఫోను ఎప్పుడూ సైలెంటులోనే ఉంటుంది, లైబ్రరీ అలవాటు." ఆటో డ్రైవరుని తొందరపెట్టింది. "ఆయన హాలుకి బయలుదేరారండీ. వద్దన్నా వినలేదు. ఎవరైనా వస్తే ఒకరుండాలి కదమ్మా అన్నారు."

"మీరు ఎంతసేపట్లో వస్తారు?"

"ఊరి అవతలున్నాను. గంట."

"నేను పది నిమిషాల్లో ఉంటాను," అని చొక్కా వేసుకుంటూ పరిగెత్తాను. మధ్యలో తెలియని నంబరొకటి మోగింది. ఎత్తాను.

"నమస్కారమండీ. నేను పెళ్ళికొడుకుని. నాకు కూడా కబురొచ్చింది. రావాలా?"

"మీరు మాత్రం వద్దండీ," అన్నాను.

హాలు గేటుకి పూలు కట్టేశారు. పూలాయన నిచ్చెన మీదినుంచి నన్ను చూసి, "నాకు తెలుసు, మళ్ళీ కలుస్తారని," అన్నాడు. వెనకాల పొయ్యిల మీద గిన్నెలు పొగలు కక్కుతున్నాయి. లోపల వేదిక మీద రెండు ఎర్ర కుర్చీలు వేసి, దీపాలు పెట్టారు. గేటు పక్కన ఒక ప్లాస్టిక్ కుర్చీలో సన్నగా, నీట్‌గా, ఇస్త్రీ చొక్కాలో ఒకాయన కూర్చుని ఉన్నాడు.

"మీరు లోపల కూర్చోండి మాస్టారూ," అన్నాను. "ఇక్కడ నేనుంటాను."

"నువ్వెవరు బాబూ?" వినడానికి వంగాల్సి వచ్చింది.

"ఇదంతా చేసినవాణ్ణి. ప్రోగ్రామర్ని. పెళ్ళి ఆగింది మాస్టారూ, నా ప్రోగ్రామే ఆగలేదు. తప్పు నాది. వచ్చినవాళ్ళకి నేను చెబుతాను."

ఆయన నన్ను చాలాసేపు చూశాడు. ఆలస్యంగా పుస్తకం తిరిగి తెచ్చినవాణ్ణి చూసినట్టు. తర్వాత పక్కనున్న ఇంకో కుర్చీ నా వైపు జరిపాడు.

మొదట ఒక స్కూటరు వచ్చింది, పళ్ళ డాక్టరు. నేను లేచి, "క్షమించాలి, ఈ రోజు పెళ్ళి లేదండీ. నా ప్రోగ్రాం తప్పువల్ల..." అన్నాను.

"ఉందా, లేదా?"

"లేదు."

"ఇది ఎన్నో రద్దు? ఎన్నోదో చెబితే లెక్కవేసుకుంటాను."

ఆయన కదల్లేదు. ఇంకో రెండు కార్లు. ఒక కుటుంబం. గుంపు పెరిగింది. నేను ఎంత గట్టిగా చెబితే వాళ్ళు అంత గట్టిగా అడుగుతున్నారు. అప్పుడు బస్సొచ్చింది. తలుపు తెరవకముందే పెద్దత్త గొంతు దిగింది, తర్వాత పెద్దత్త, ఆ వెనక యాభైమంది. ఎవరు పెళ్ళికొడుకు, ఎవరు ఆపారు, ఎవరు ఒప్పుకున్నారు, టిఫిన్లెక్కడ. ఎవరి మాటా ఎవరికీ వినపడటం లేదు.

ఆటో ఆగింది. ఆమె దిగింది. తండ్రి గేటు దగ్గర, ఎదురుగా జనం. ఏది చూడలేనందో సరిగ్గా అదే. ఆమె ముఖంలో రంగు పోవడం నేను అంత దూరం నుంచీ చూశాను.

మాస్టారు కుర్చీలోంచి లేచాడు. చూపుడువేలు ఒకటి పైకెత్తాడు. అంతే.

ఆ వేలిలో నలభై ఏళ్ళ ఉద్యోగం ఉంది. పళ్ళ డాక్టరు నోరు మూశాడు. బస్సు డ్రైవరు ఇంజను ఆపాడు. పెద్దత్త సగం మాట మింగేసింది. పొయ్యి మీద గిన్నె ఉడకడం వినపడింది.

"మా అమ్మాయి ఈ పెళ్ళి వద్దనుకుంది," అన్నాడాయన, తన మామూలు గుసగుసలో. ఆఖరి వరస దాకా వినపడింది. "నిజం తెలిశాక వద్దనుకుంది. ఫోన్లో, ఏడవకుండా, రెండు నిమిషాల్లో. నేనైతే అంత ధైర్యం చేయలేను. ఇది చెప్పుకోవడానికి నాకేం సిగ్గు లేదు. చెప్పడానికి ఇంతమంది దొరకడం నా అదృష్టం. వంట అయిపోయింది, లోపలికి రండి."

పెద్దత్త ముక్కు చీదింది. తర్వాత ఒక్కొక్కరే, లైబ్రరీలోకి వెళ్తున్నట్టు చప్పుడు చేయకుండా లోపలికి నడిచారు.

ఆమె వచ్చి తండ్రి చెయ్యి పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు. తర్వాత నా వైపు తిరిగింది.

"మీరెందుకొచ్చారు?"

"ఆయన ఒక్కరూ నిలబడకూడదని."

ఏదో అనబోయింది. ఈలోపు పెద్దత్త మా ఇద్దరినీ చెరో చేత్తో పట్టి లోపలికి లాక్కెళ్ళింది. బెంచీలన్నీ నిండిపోయాయి. ఖాళీగా ఉన్నవి రెండే కుర్చీలు.

"అవి వేదిక మీదున్నాయత్తా," అందామె.

"ఉంటే? కుర్చీలు కూర్చోవడానికి కాదా? తినేటప్పుడు నిలబడితే నాకు నచ్చదు."

నూటముప్ఫై మంది భోజనం చేస్తూ మమ్మల్నే చూస్తున్నారు. నెత్తి మీద పూలు, మొహం మీద దీపాలు, ఒళ్ళో పళ్ళేలు. నేను అన్నం తిన్నట్టు నటించాను. ఆమె పెదవులు కదపకుండా మాట్లాడింది.

"శుక్రవారం నాకెందుకు కోపమొచ్చిందో తెలుసా?"

"ఆ పని ఆపలేదని."

"కాదు. అది ఆపలేదని నాకు సోమవారమే తెలుసు. అర నిమిషం పనికి ఐదు రోజులు ఎవరికి పడతాయి? నేనూ రోజూ వచ్చాను కదా. మీరు నోరు తెరిచి అడుగుతారేమోనని చూశాను. ఒక ప్రోగ్రాం చాటున దాక్కున్నారు."

హాలంతా చూశాను. ఇక్కడ నలుగురు కాదు, నూటముప్ఫై మంది. అయినా సరే, గోలగా ఉంది, ఎవరికీ వినపడదు. ఆమె చెవి దగ్గరికి వంగాను.

సరిగ్గా అప్పుడే కింద ఎవరో పిల్లాడు గ్లాసు పడేశాడు. మాస్టారు అలవాటు చొప్పున వేలెత్తాడు. హాలంతా నిశ్శబ్దమైంది.

"నన్ను పెళ్ళి చేసుకుంటారా?" అన్న నా గుసగుస నాలుగు గోడలకీ తగిలి తిరిగొచ్చింది.

నూటముప్ఫై చేతులు గాల్లో ఆగాయి. వంటాయన గరిటెతో సహా తలుపు దగ్గరికొచ్చాడు. ఆమె ఎర్రగా అయింది, జనాన్ని చూసింది, నన్ను చూసింది. నా చెవి దగ్గరికి వంగి, నాకొక్కడికే వినపడేలా జవాబు చెప్పింది.

"ఏమంది?" అంది పెద్దత్త ముందు వరసలోంచి. "ఏమందో గట్టిగా చెప్పమనండి."

ముందు వరసకి వినపడలేదు. పక్క వరసకీ వినపడలేదు. గుసగుసలకి అలవాటుపడ్డ మాస్టారు మాత్రం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. వంటాయన చేతిలోంచి గరిటె తీసుకుని వేదిక ఎక్కాడు. అడక్కుండానే నా పళ్ళెంలో ఇంకాస్త వడ్డించాడు.